ఆదివారాల డాక్టరు

డాక్టరు జగన్నాధం పిల్లల ఒంటి మీద చెయ్యి వేసేముందు అరచేతులు రెండూ రుద్దుకునేవాడు. చలికాలమైతే స్టెతస్కోపు బిళ్లను చొక్కా లోపల పెట్టుకుని కాసేపు వేడెక్కనిచ్చేవాడు. విశాఖపట్నంలో పిల్లల వైద్యం చదివి, అక్కడే కొన్నేళ్లు పనిచేసి, సొంత ఊరని శ్రీకాకుళం తిరిగొచ్చి, నాగావళి ఒడ్డుకు దగ్గర్లో ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని ముందు భాగంలో ఆసుపత్రి, వెనక భాగంలో కాపురం పెట్టుకున్నాడు. పిల్లలకని వేరే డాక్టరు ఉంటాడన్న సంగతి అప్పటికి చుట్టుపక్కల పల్లెల వాళ్లకు వింతగానే ఉండేది. పెద్దోళ్ల మందే సగం చేసి పోస్తే సరిపోదేటి అని మొహం మీదే అడిగేవారు. అతను నవ్వేవాడు.

ఆ పనిలో అతనికి దొరికే సంతోషాలు చిన్నవి. వారం కిందట కళ్లు తేలేసిన పిల్లవాడు బతికి వచ్చి చేతి మీద కసిగా కరిస్తే సంతోషం. ఎత్తుకోగానే చొక్కా తడిపేసిన పసిగుడ్డుకు ఒంట్లో నీళ్లు నిలబడుతున్నాయని సంతోషం. వేసవిలో ఎవరో తల్లి ఓ పనసకాయ తెచ్చి అరుగు మీద పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోతే, ఆ సాయంత్రం భార్య పద్మకుమారి చేతులకు నూనె రాసుకుని తొనలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని తినడం ఒక సంతోషం.

కాని ఆ రోజుల్లో పిల్లలు చాలా సులువుగా పోయేవారు. కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతం వచ్చి విల్లులా వంగిపోయిన పురిటిగుడ్లు, తట్టు పోసి తగ్గాక ఊపిరి అందక ఎగశ్వాస పెట్టిన పిల్లలు, రెండు రోజుల విరేచనాలకే ముసలి మొహాలైపోయిన పిల్లలు. అటువంటిది జరిగిన రోజున జగన్నాధం పెరట్లోకి వెళ్లి నూతి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కునేవాడు. చేద మళ్లీ మళ్లీ నూతిలోకి దిగుతున్న చప్పుడు విని పద్మకుమారి వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. వడ్డించేటప్పుడు కూడా ఏమీ అడిగేది కాదు. ఆ ఇంట్లో అదొక మర్యాద.

ఆదివారం మాత్రం అతను తెల్లారగానే సైకిలెక్కి అరసవల్లి వెళ్లేవాడు. చిన్నప్పుడు కళ్లు వాచి, పుసులు కట్టి, రెప్పలు విడక నెలల తరబడి చీకట్లో ఉంటే, అతని తల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుందట. కళ్లు బాగయ్యాయి. మందు కూడా వేశారని పెద్దయ్యాక తెలిసింది గాని, ఆదివారాలు మానలేదు. అతనికి దేవుడంటే వాదించి తేల్చుకోవలసిన విషయం కాదు. స్నానం చేసినట్టు వెళ్లేవాడు, తేలికపడి వచ్చేవాడు.

చిన్నతల్లిని మొదటిసారి తీసుకొచ్చింది అరవయ్యేడో సంవత్సరం వానలు వెనకపడుతున్నప్పుడు. పొందూరు పిల్ల. తండ్రి జోగయ్య మగ్గం నేస్తాడు. తల్లి లక్ష్మణమ్మ, నాయనమ్మ జగ్గమ్మ నూలు వడుకుతారు. పిల్లకు పదేళ్లు ఉంటాయేమో. కీళ్లు వాచి, జ్వరం వచ్చి తగ్గిందని, అప్పట్నుంచీ నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోందని లక్ష్మణమ్మ చెప్పింది. జగన్నాధం బిళ్ల వెచ్చచేసి పిల్ల గుండె మీద ఆనించాడు. విన్నాడు. మళ్లీ విన్నాడు. లబ్‌డబ్‌మని తెగి వినపడాల్సిన చోట, పగిలిన గొట్టంలోంచి గాలి పోతున్నట్టు ఒకటే బుసబుస.

"ఏటి ఇనబడతంది లోపల?" అని పిల్లే అడిగింది.

"గాలి," అన్నాడు.

"రాట్నం తిప్పితే నాకూ అలగే ఇనబడతాది," అంది తృప్తిగా.

తల్లికీ నాయనమ్మకూ అర్థమయ్యేలా చెప్పాడు. గుండె లోపల తలుపులుంటాయి, ఒకటి సరిగ్గా మూసుకోవటం లేదు, వెళ్లిన రక్తం వెనక్కి తన్నుతోంది. గొంతునొప్పితో మొదలైన జ్వరం ఈ పని చేసింది. ఇంకోసారి ఆ జ్వరం వస్తే తలుపు పూర్తిగా పోతుంది. అందుకని నెలనెలా పెన్సిలిన్ సూది వేయించాలి, ఒక్క నెల కూడా తప్పకూడదు. పరుగులు కూడదు. ఒంట్లో నీరు చేరకుండా ఉప్పు మానాలి.

ఉప్పు సంగతి చెప్పగానే చిన్నతల్లి మొహం ముడుచుకుంది. ఆ పిల్ల ఆవకాయ ముద్ద లేకుండా అన్నం ముట్టేది కాదు.

నెలనెలా వచ్చేవారు. సూదికి ఏడ్చేది కాదు; తొడ బిగించి, గోడ మీదున్న బల్లిని చూస్తూ ఉండేది. సూది అయిపోగానే, "ఉప్పెప్పుడు తినమంటావు?" అని అడిగేది. చూద్దాంలే అనేవాడు జగన్నాధం. తాను వడికిన నూలు ఒకసారి తెచ్చి చూపించింది. చేపదవడ ఎముకతో పత్తి దువ్వి తీసిన సన్నటి నూలు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటేగాని కంటికి ఆనడం లేదు. కూర్చుని చేసే పని గనక అది మానక్కర్లేదని చెప్పాడు. ఆ మాటకు ఎంత సంబరపడిందో.

పుష్యమాసం చివర జగ్గమ్మ ఒక్కతే వచ్చింది. రథసప్తమి నాడు మనవరాలిని అరసవల్లి పుష్కరిణిలో తెల్లవారుజామున ముంచుతానని మొక్కుకున్నానంది. జగన్నాధం వద్దన్నాడు. మాఘమాసపు చలిలో, ఆ జనంలో, ఆ నీళ్లలో పిల్ల గుండె తట్టుకోలేదని నచ్చజెప్పాడు. జగ్గమ్మ ఓపిగ్గా విన్నది. విని, కూర్చున్న చోటు నుంచి కదలకుండా అంది.

"నువ్వు పెతి ఆదివారం ఆ సామి దగ్గరికి ఎల్తావని అందరూ సెప్తారు. నీకైతే సామి గావాలి. మా గుంటకైతే వద్దేటి బాబూ?"

"సామి వద్దనలేదమ్మా. చన్నీళ్లు వద్దన్నాను."

"మొక్కినాక తీర్సకపోతే ఎలగ?"

జగన్నాధమూ అటువంటి మొక్కు మీదే కళ్లు తెరిచినవాడు. చివరికి నోటికొచ్చిన మాట అతన్నే ఆశ్చర్యపరిచింది. "పిల్ల పేరు చెప్పి ఆ మునకేదో నేను మునుగుతాను. దాన్ని మాత్రం నీళ్లలోకి దించకు."

జగ్గమ్మ అతని మొహంకేసి చూసి, సరేనంది.

రథసప్తమి నాడు తెల్లవారుతుండగా నెత్తి మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని డాక్టరు జగన్నాధం పుష్కరిణిలో దిగాడు. చిన్నతల్లిని బొంతలో చుట్టి మెట్లకు దూరంగా తల్లి ఒళ్లో కూర్చోబెట్టారు. జగ్గమ్మ మెట్టు మీద నిలబడి, తల పూర్తిగా మునగనేదు, మళ్లీ ముణుగు అని పురమాయించింది. అతను మునిగాడు. పళ్లు టకటకమంటూ పైకి లేచేసరికి ఒడ్డున ఆ పిల్ల పకపక నవ్వుతోంది. నవ్వి నవ్వి ఆయాసపడింది. నీళ్లలో నిలబడి, తూరుపున ఎర్రబడుతున్న ఆకాశంకేసి చేతులు జోడించి, ఈ పిల్లను ఉంచు అని అడిగాడు. ఎవరి కోసమైనా అలా నోరు తెరిచి అడగటం అతనికి అదే మొదలు.

ఆ తర్వాత చిన్నతల్లి నిజంగానే తేరుకుంది. కాళ్ల వాపు తీసింది. మొహంలో నెత్తురు కనిపించింది. ఫాల్గుణంలో వచ్చినప్పుడు వీధి గుమ్మం నుంచి బల్ల దాకా నడిచి, ఆయాసపడకుండా నిలబడింది. మందులు పనిచేశాయని జగన్నాధానికి తెలుసు. అయినా మనసులో ఒక మూల, నీళ్లలో అడిగింది దొరికిందన్న గర్వం లాంటిది మెదిలింది. ఆ ఆదివారం గుడిలో మామూలు కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు.

ఎండలు ముదిరాయి. ఊళ్లో తట్టు లేచింది. ఆసుపత్రి వరండాలో వేపమండలు పట్టుకున్న తల్లులు కిక్కిరిసి ఉండేవారు. అన్నం తినడానికి కూడా వ్యవధి లేని ఆ రోజుల్లో ఒకటి రెండుసార్లు అతనికి అనిపించింది, పొందూరు వాళ్లు రాలేదే అని. ఎవరితోనైనా కబురు పెడదామనుకున్నాడు. ఇంతలో ఎవరో పిల్లను పట్టుకుని పరుగున వచ్చేవారు. ఆ ఆలోచన అక్కడితో తెగిపోయేది.

శ్రావణంలో వచ్చారు. బస్సులో తల్లి ఒళ్లోనూ నాయనమ్మ ఒళ్లోనూ అడ్డంగా పడుకోబెట్టి తెచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి, మెడ దగ్గర నరం ఎగిరిపడుతోంది. కీళ్లు మళ్లీ వాచాయట, జ్వరం మళ్లీ వచ్చిందట. సూదులు ఎక్కడైనా వేయించారా అని జగన్నాధం అడిగాడు. లక్ష్మణమ్మ తల దించుకుంది. జగ్గమ్మే చెప్పింది. సామి బాగుచేసినాడు గదా, బాగున్న పిల్లకు సూదులెందుకని తనే ఆపేసిందట.

జగన్నాధం పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుని నాడి చూస్తున్నట్టు పట్టుకున్నాడు. ఆ మునక మునిగింది తను. ఆ నమ్మకాన్ని ఆ ఇంటికి ఇచ్చింది తను.

ఊపిరి కాస్త కుదుటపడ్డాక, తన గురువు గారికి చూపిద్దామని తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని రైల్లో విశాఖ తీసుకెళ్లాడు. ఆ పెద్దాయన పిల్ల గుండె విన్నారు. పక్కకు పిలిచి చెప్పారు. తలుపు బిగుసుకుపోతే తెరిచే ఆపరేషను వేలూరులో చేస్తున్నారు. ఇది బిగుసుకోవడం కాదు, అసలు మూసుకోవడమే లేదు. దీనికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. "తీసుకెళ్లిపో జగన్నాధం. ఇంట్లో ఉండనీ," అన్నారు.

స్టేషనుకు పోయేముందు జట్కా సముద్రం వైపు తిప్పించాడు. చిన్నతల్లి ఎన్నడూ సముద్రం చూడలేదు. ఇసకలో నడవలేదు గనక జగన్నాధమే ఎత్తుకుని అలల దాకా తీసుకెళ్లాడు. ఆ పిల్ల బరువు లేదు. ఉన్న బరువంతా పొట్టలో చేరిన నీటిదే. అలల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఇదంతా ఉప్పేనా?"

"అంతా ఉప్పేనమ్మా."

"ఎవలూ తినకుండా ఇంతుప్పు ఊరికే పడున్నాది," అంది దిగులుగా. లక్ష్మణమ్మ నవ్వింది. ఆమె నవ్వగా జగన్నాధం చూడటం అదే మొదలు.

పొందూరులో వాళ్ల ఇంటి దాకా తనే దిగబెట్టాడు. మగ్గం ఆగిపోయి ఉంది. జోగయ్య మగ్గం గోతి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పిల్లను మంచం మీద పడుకోబెట్టి, మందులు ఎలా వెయ్యాలో చెప్పి, జగన్నాధం గుమ్మం దాటబోతూ ఆగాడు. లక్ష్మణమ్మను పిలిచాడు.

"ఇకనుంచి పిల్లకు ఉప్పు పెట్టమ్మా. ఆవకాయ అడిగితే ఆవకాయ వెయ్యి. ఏది అడిగితే అది పెట్టు."

లక్ష్మణమ్మ మొహం విప్పారింది. "తగ్గిపోనాదా బాబూ?"

అతను నేలకేసి చూశాడు. మళ్లీ తలెత్తేసరికి ఆమెకు తెలిసిపోయింది. పమిట చెంగు నోట్లో కుక్కుకుని, లోపల పిల్లకు వినబడకుండా, గోడవైపు తిరిగి నిలబడింది.

లోపల చిన్నతల్లి మాత్రం ఆ మాటలు విన్నది. డాక్టరు ఉప్పు తినమన్నాడంటే తనకు జబ్బు తగ్గిపోయిందని అర్థం చేసుకుంది. చూడవచ్చిన వాళ్లందరికీ అదే చెప్పిందట. కలిపిన అన్నం రెండు ముద్దలకు మించి తినలేకపోయేదట, కాని ఆవకాయ బద్ద ఒకటి బుగ్గన పెట్టుకుని గంటల తరబడి చప్పరిస్తూ ఉండేదట. ఇదంతా తర్వాత లక్ష్మణమ్మ చెప్పింది.

భాద్రపదంలో పోయింది. ఊళ్లోకి బట్టలు అమ్మవచ్చిన నేతగాడొకడు చెబితే జగన్నాధం ఆసుపత్రి తలుపులు వేసి బస్సెక్కాడు. అతను చేరేసరికి అంతా అయిపోయింది. మగవాళ్లు తిరిగొచ్చి అరుగుల మీద తడిబట్టలతో కూర్చున్నారు. జగ్గమ్మ వాకిట్లో స్తంభానికి ఆనుకుని ఉంది. అతన్ని చూసి లేవలేదు. ఏడవలేదు.

"నానే దాన్ని ముంచుంటే బతికేది," అంది. "నీ మునక నీకే సెందినాది బాబూ. దానికి సెందనేదు."

సూదులు ఆపకపోయుంటే బతికేది అన్న మాట జగన్నాధం నాలుక చివర దాకా వచ్చింది. అది నిజం. ఆ ముసలమ్మ కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు మనిషిని చూస్తున్నట్టు లేవు. ఈ మాట అంటే ఆమె ఇవాళో రేపో ఏ నూతిలోనో పడుతుందని అతనికి స్పష్టంగా తెలిసింది. తప్పు తన మీదే ఉండనిచ్చాడు. చావు జరిగిన ఇంట వస్తానని చెప్పకూడదు గనక, ఏమీ చెప్పకుండానే లేచి వచ్చేశాడు.

ఆ ఆదివారం సైకిలెక్కి అరసవల్లి దాకా వెళ్లాడు. కొబ్బరికాయల కొట్ల దగ్గర దిగి, సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్తే ఏం చెప్పాలో తెలియలేదు. కోపం కాదు. ఎదురుగా వెళ్లాలంటే ఏదో మొహమాటం, దేవుడూ తనూ కలిసి ఒకరికి మాటిచ్చి తప్పినట్టు. అక్కణ్ణుంచే తిరిగొచ్చాడు. ప్రసాదమేదండీ అని పద్మకుమారి అడగబోయి, అతని మొహం చూసి మానుకుంది. తర్వాతి ఆదివారం అతను సైకిలు తియ్యలేదు. ఇంట్లోనే ఉన్నాడు. గంటల తరబడి వరండాలో కూర్చున్నాడు, పేపరు తిరగెయ్యకుండా. ఆ చలికాలమంతా గిరిజనుల తిరుగుబాటును అణచడానికి ఏజెన్సీ కొండల వైపు పోలీసు వ్యాన్లు వెళ్తుండేవి. ఆసుపత్రిలో జనం వాటి గురించి గుసగుసలాడుకునేవారు. అతనికి ఏదీ చెవిన పడేది కాదు. పిల్లల్ని చూసేవాడు, మందులు రాసేవాడు, ఎవరితోనూ ఆటలాడేవాడు కాదు.

ఒకరోజు భోజనం దగ్గర పద్మకుమారే అంది, "ఆ పిల్లకి ఓ తమ్ముడున్నాడన్నారు కదా. వాడికెలా ఉందో?"

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. ఆ ఇంట్లో రాముడని ఆరేళ్లవాడున్నాడు. అదే గదిలో, అక్క పక్కలోనే పడుకుని పెరిగాడు. ఆ గొంతునొప్పి పక్కవాళ్లకు అంటుకునేదే. ఆ వీధిలో ఇంకెందరు పిల్లలున్నారో, ఎందరికి గొంతులు నొప్పి చేసి వాటంతట అవే తగ్గిపోతున్నాయో.

ఆ వచ్చే ఆదివారం పొద్దున్న బస్సుకు పొందూరు వెళ్లాడు. నేతగాళ్ల వీధిలో ఒక అరుగు మీద కూర్చుని, కనబడిన పిల్లనల్లా పిలిచి నోరు తెరవమన్నాడు. మొదట్లో పిల్లలు పారిపోయారు. పిల్లల్ని పోగొట్టే డాక్టరని ఎవరో అన్నారు కూడా. అతను విన్నాడు, మళ్లీ ఆదివారం వెళ్లాడు. ఆపైన లక్ష్మణమ్మే తన కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందరికంటే ముందు నిలబెట్టింది. ఆమె వచ్చాక తక్కిన తల్లులూ వచ్చారు. ఎర్రబడిన గొంతు కనబడితే సూది వేసేవాడు, కీళ్లు నొక్కి చూసేవాడు, గుండెలు వినేవాడు. అలా వింటుంటే ఇంకో ఇద్దరి గుండెల్లో ఆ బుసబుస దొరికింది. ఇద్దరివీ ఇంకా మొదటి దశలోనే ఉన్నాయి. ఆ తల్లులకు నెలనెలా సూది సంగతి చెప్పేటప్పుడు అతని గొంతు కటువుగా ఉండేది. ఇదివరకటి నవ్వు ఉండేది కాదు.

జగ్గమ్మ మాత్రం అతను వీధిలోకి రాగానే రాట్నం ముందు నుంచి లేచి లోపలికి వెళ్లిపోయేది. అతను తిరుగు బస్సెక్కే దాకా బయటికి వచ్చేది కాదు. వేసవి దాటేదాకా అంతే.

అరవై తొమ్మిదో సంవత్సరం వానల్లో, పనిరోజు మధ్యాహ్నం, జగ్గమ్మ రాముణ్ణి వీపున వేసుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి వచ్చింది. లక్ష్మణమ్మకు పురిటి రోజులు. తడిసి ముద్దయిన ముసలామె పిల్లవాణ్ణి బల్ల మీద దించి, రొప్పుతూ నిలబడింది. వాడికి ఒళ్లు కాలిపోతోంది. మోకాలు ముట్టుకోనివ్వడం లేదు.

జగన్నాధం అరచేతులు రుద్దుకోవడం మరిచిపోయాడు. చల్లటి బిళ్లే పెట్టాడు, పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు. కళ్లు మూసుకుని విన్నాడు. పక్కకు తిప్పి విన్నాడు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద విన్నాడు. శబ్దాలు రెండూ వేగంగా కొట్టుకుంటున్నాయి గాని తెగి, విడివిడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఇంకా గుండె దాకా పోలేదు. పోకుండా ఉంటుందని చెప్పడానికి లేదు.

కళ్లు తెరిచేసరికి జగ్గమ్మ అతని మొహాన్నే చూస్తోంది.

"మొక్కు నాను సూసుకుంటాను," అంది. "నువ్వు సూది ఎయ్యి."

అతను తలూపాడు. సూది మరిగించిన గిన్నెలోంచి తీసి, మందు ఎక్కించాడు. రాముడు అక్కలాంటి వాడు కాదు. వీధంతా వినబడేలా ఏడ్చాడు. జగ్గమ్మ వాణ్ణి రెండు చేతులా నొక్కి పట్టుకుంది. మళ్లీ నెలకు తీసుకురావాలని అతను చెప్పకముందే, తెస్తానంది. పద్మకుమారి లోపల్నుంచి పొడి చీర ఒకటి తెచ్చి ఇచ్చింది. జగ్గమ్మ ఆ చీర తను చుట్టుకోకుండా మనవడికి చుట్టింది.

నెలనెలా తెచ్చింది. జగన్నాధంతో సూదికి కావలసిన మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడేది కాదు. చిన్నతల్లి పేరు ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఆదివారాలు అతను పొందూరే వెళ్లేవాడు. ఆలస్యమైపోతుందని పద్మకుమారి తెల్లారగట్లే ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చేది. అరసవల్లి మీరెళ్లరు గనక నేనెళ్తానని, జట్కా కట్టించుకుని తనే వెళ్లి రావడం మొదలుపెట్టింది. ఏమని దణ్ణం పెట్టుకున్నావని అతను అడగలేదు. ప్రసాదం ఇస్తే మాత్రం కళ్లకద్దుకుని తినేవాడు.